నీటిలో ఎరుపు, అసిటోన్‌లో నీలం: లోహాన్ని తాకని హైడ్రోజన్ రంగును ఎలా మారుస్తుంది?

ఈ రంగు మార్పు ద్రావణి "పోలారిటీ వల్ల", అంటే దాని అణువుల్లో ఛార్జి ఒక పక్కకు మొగ్గి ఉండడం వల్ల, అని రాసేస్తే తప్పే. పరీక్షలో మార్కులు వేస్తారేమో గానీ, ఏ ద్రావణిలో ఏ రంగో మీరు ప్రశ్నతోపాటు పెట్టిన పట్టికే ఆ మాటను ఒప్పుకోదు. ఎందుకో కింద చెప్తాను.

ముందు మీ ప్రశ్నను నాకర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను. ఇనుముకు రెండు ఫెనాంత్రోలిన్లు, రెండు సైనైడ్లు కట్టిన కాంప్లెక్స్ మీ దగ్గరుంది. నీటిలో నారింజ కలిసిన ఎరుపు, అసిటోన్‌లో నీలం. సార్ "హైడ్రోజన్ బంధం" అని ఒక్కమాటలో తేల్చేశారు. మీ అనుమానమేమో, నీటి హైడ్రోజన్ ఇనుమును తాకనే తాకదు కదా, సైనైడ్ చివరనున్న నైట్రోజన్ దగ్గరే ఆగిపోతుంది కదా, మరి ఇనుము డి ఆర్బిటాళ్ళ శక్తి ఎలా మారుతుంది అని. పైగా మీరు చేసిన టీడీ-డీఎఫ్‌టీ లెక్కలో, అంటే అణువు ఏ కాంతిని పీలుస్తుందో కంప్యూటర్‌తో అంచనా వేసే లెక్కలో, నీటికీ అసిటోన్‌కూ పెద్ద తేడా రాలేదు.

ఇదే కాంప్లెక్స్‌తో నేను చెన్నైలో పీహెచ్‌డీ మొదటి సంవత్సరం దాదాపు రెండు నెలలు గడిపాను. వేళచ్చేరిలో రూము, నవంబరు వానలు, ల్యాబులో ఏదీ ఆరని రోజులు. సైనైడ్‌తో పని కాబట్టి మా గైడ్ కొత్తవాళ్ళను తయారీ జోలికి రానిచ్చేవారు కాదు. నెల్లూరు నుంచి వచ్చిన సీనియర్ అక్క ఒకావిడ ఫ్యూమ్‌హుడ్‌లో చేసి, ముదురు ఊదా రంగు స్ఫటికాలు చిన్న సీసాలో నా చేతికిచ్చింది. ఆరు ద్రావణుల్లో స్పెక్ట్రా, అంటే ఏ తరంగదైర్ఘ్యం కాంతిని ఎంత పీలుస్తుందో చూపే గ్రాఫులు, తీయడం నా పని.

నీటిలో శిఖరం 515, 520 నానోమీటర్ల మధ్య చక్కగా వచ్చేది. మెథనాల్, ఇథనాల్ కూడా పేచీ పెట్టలేదు. అసిటోన్ దగ్గరే చిక్కు. ఒకరోజు 600 దగ్గర వచ్చిన శిఖరం మర్నాడు ఆరేడు నానోమీటర్లు ఎడమకు జరిగేది. ఆ సాయంత్రానికి ఇంకొంచెం. ద్రావణం కూడా నీలంగా కాక, కాస్త ఊదాగా అనిపించేది. మెషీన్ పాడైందనుకున్నాను. మెషీన్‌ను సరిచూసుకోవడానికి వాడే హోల్మియం ఫిల్టర్ పెట్టి చూస్తే దాని గీతలన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. కాంప్లెక్స్ కుళ్ళిపోతోందేమోనని కొత్తగా తూచి కలిపాను. అదే వరస. వారం రోజులు ఒకటే టెన్షన్.

అప్పుడు అక్క వచ్చి, ద్రావణం పోసి మెషీన్‌లో పెట్టే చిన్న పాత్ర క్యువెట్‌ను చూపించి, "ఏమ్మా, క్యువెట్ దేంతో కడుగుతున్నావు?" అంది.

"నీళ్ళతో, తర్వాత కొంచెం అసిటోన్‌తో."

"ఆరబెడుతున్నావా?"

"విదిలిస్తున్నాను."

క్యువెట్ తీసుకుని ట్యూబులైటు కింద అడ్డంగా పట్టింది. అడుగు మూలల్లో సన్నటి తడి గీతలా మెరిసింది. గాజు సామాను కడిగే పెద్దాయన పక్కనుంచి తొంగిచూసి "ఈరం" అన్నారు. అరవంలో తడి అని. దానికితోడు నేను వాడుతున్న అసిటోన్ కూడా కడగడానికి పెట్టుకున్న ప్లాస్టిక్ సీసాలోదే. వానాకాలంలో రోజుకు పదిసార్లు మూత తీసి పెట్టే సీసా అది.

ఆ తడి ఎంతుంటుంది? 3 మిల్లీలీటర్ల క్యువెట్‌లో 0.03 మిల్లీలీటర్లు, అంటే 1 శాతం అనుకుందాం. 1 శాతం నీరంటే లీటరుకు సుమారు 0.55 మోల్. నా కాంప్లెక్స్ గాఢత లీటరుకు 0.00005 మోల్. అంటే ఒక్కో కాంప్లెక్స్ అణువుకు 11 వేల నీటి అణువులు కాచుకుని ఉన్నాయి! నా లెక్కలో ఒక శాతం మలినం, కాంప్లెక్స్ లెక్కలో పెద్ద జాతర. ఆ మర్నాడు పొడి అసిటోన్‌లో కాంప్లెక్స్ కలిపి, కావాలనే చుక్క చుక్కగా నీరు పోస్తూ స్పెక్ట్రా తీశాను. మొదటి చుక్కలకు శిఖరం గబగబా జరిగింది. తర్వాతి చుక్కలకు నెమ్మదించింది. ద్రావణి మొత్తంగా మారడమే కారణమైతే చుక్కకింత అని సమంగా జరగాలి. అలా జరగలేదు. చుట్టూ అంత అసిటోన్ ఉన్నా, సైనైడ్ నైట్రోజన్లు నీటినే ఏరుకుని పట్టుకుంటున్నాయి. హైడ్రోజన్ బంధం సంగతి నాకు పుస్తకంలో కాదు, ఆ గ్రాఫు వంపులో అర్థమైంది.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను.

ఈ కాంప్లెక్స్‌లో ఇనుము ప్లస్ 2 స్థితిలో, లో-స్పిన్‌లో ఉంటుంది. దాని ఆరు డి ఎలక్ట్రాన్లూ కింది మెట్టు మీద, అంటే టీ2జీ ఆర్బిటాళ్ళలో, జంటలుగా సర్దుకుని ఉంటాయి. మీకు కనిపించే రంగు వాటిలో ఒకటి ఫెనాంత్రోలిన్ మీద ఖాళీగా ఉన్న పై-స్టార్ (π*) ఆర్బిటాల్‌లోకి ఎగరడం వల్ల వచ్చేది. లోహం నుంచి లైగాండ్‌కు (లోహానికి కట్టుకున్న అణువుకు) ఛార్జి బదిలీ అంటారే, అదే. కాబట్టి రంగు చెప్పేది ఒక్కటే: ఈ రెండు మెట్ల మధ్య ఎత్తెంత?

సైనైడ్ కార్బన్ వైపు నుంచి ఇనుమును పట్టుకుంటుంది. అవతలి కొసన నైట్రోజన్ మీద ఒంటరి ఎలక్ట్రాన్ జంట ఖాళీగా ఉంటుంది. నీటి హైడ్రోజన్ ఆ జంటను పట్టుకోగానే నైట్రోజన్ దగ్గరి ఎలక్ట్రాన్ సాంద్రత కొంచెం బయటికి లాగబడుతుంది. దాంతో సైనైడ్ మొత్తానికీ ఎలక్ట్రాన్ల కొరత వస్తుంది. ఇనుముకు అది సిగ్మా (σ) బంధం దారిలో ఇచ్చేది తగ్గిపోతుంది, ఇనుము టీ2జీ నుంచి పై (π) బంధం దారిలో లాక్కునేది పెరుగుతుంది. రెండు విధాలా ఇనుము మీద ఎలక్ట్రాన్లు పలచబడతాయి. పలచబడ్డ ఇనుము మిగిలినవాటిని గట్టిగా పట్టుకుంటుంది, అంటే టీ2జీ మెట్టు కిందికి దిగుతుంది. ఫెనాంత్రోలిన్ నైట్రోజన్ల జంటలు రెండూ ఇనుముకే ఇచ్చేసి ఉన్నాయి, నీరు పట్టుకోవడానికి అక్కడేమీ లేదు, అందుకని పై-స్టార్ మెట్టు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. కింది మెట్టు దిగింది, పై మెట్టు కదల్లేదు. ఎత్తు పెరిగింది, శిఖరం తక్కువ తరంగదైర్ఘ్యానికి జరిగింది. నీలం ఎరుపైంది.

మా ఊళ్ళో పక్క చేలో బోరు వేస్తే మన బావిలో నీటి మట్టం దిగిపోతుంది. మన బావిని ఎవరూ ముట్టుకోలేదు. అడుగున నీటి పొర ఒకటే కాబట్టి దిగింది. సైనైడ్ మూడు బంధాల ఎలక్ట్రాన్ మేఘం ఆ అడుగు పొర లాంటిది. నైట్రోజన్ కొసన తోడితే ఇనుము దగ్గర మట్టం దిగుతుంది. తాకాల్సిన పనిలేదు.

శక్తి లెక్క కూడా సరిపోతుంది. 600 నుంచి 518 నానోమీటర్లకు జరగడమంటే మోల్‌కు సుమారు 30 కిలోజౌళ్ళ తేడా. ఒకటి రెండు మామూలు హైడ్రోజన్ బంధాల స్థాయి అది. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా గమనించండి. మనం కొలిచేది హైడ్రోజన్ బంధం శక్తిని కాదు. కాంతి పడ్డాక ఇనుము ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటుంది కాబట్టి సైనైడ్ నైట్రోజన్ తన జంటను మునుపంత ధారాళంగా ఇవ్వదు, ఆ క్షణంలో హైడ్రోజన్ బంధం బలహీనపడుతుంది. నీటి అణువులకు సర్దుకునే సమయం ఉండదు. కింది స్థితిలో బంధం ఎంత బలం, పై స్థితిలో ఎంత బలం అన్న తేడానే మీ స్పెక్ట్రోమీటర్ చూపిస్తుంది.

ఇప్పుడు పోలారిటీ సంగతి. డైఎలక్ట్రిక్ స్థిరాంకాలు చూడండి: నీరు 78, డీఎంఎస్‌ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) 47 దగ్గర, మెథనాల్ 33 దగ్గర, అసిటోన్ 21 దగ్గర. పోలారిటీయే కారణమైతే డీఎంఎస్‌ఓలో రంగు మెథనాల్ కంటే నీటికి దగ్గరగా ఉండాలి. మీ పట్టికలో డీఎంఎస్‌ఓ ఎక్కడుంది? అసిటోన్ పక్కన! డీఎంఎస్‌ఓకు ఇవ్వడానికి హైడ్రోజన్ లేదు, మెథనాల్‌కు ఉంది. గుట్మన్, మేయర్ 1975లో ఇచ్చిన యాక్సెప్టర్ సంఖ్యలతో గీసి చూడండి. నీరు 54.8, మెథనాల్ 41 పైన, ఇథనాల్ 37 పైన, డీఎంఎస్‌ఓ 19.3, అసిటోన్ 12.5. ఒక ద్రావణి ఎలక్ట్రాన్ జంటను ఎంత బాగా అందుకుంటుందో చెప్పే సంఖ్య ఇది, ట్రైఇథైల్‌ఫాస్ఫీన్ ఆక్సైడ్ తాలూకు ఫాస్ఫరస్ ఎన్ఎంఆర్‌తో కొలుస్తారు. శిఖరాల శక్తిని దీనికెదురుగా గీస్తే పాయింట్లు దాదాపు ఒక సరళరేఖ మీద కూర్చుంటాయి. నా ల్యాబ్ నోట్‌బుక్‌లో నాకు బాగా నచ్చిన గ్రాఫు అదే.

అయినా నమ్మకం కుదరకపోతే ఫెర్రోయిన్ పెట్టి చూడండి. ఇనుముకు మూడూ ఫెనాంత్రోలిన్లే, సైనైడ్ లేదు. శిఖరం 510 దగ్గర. దాని హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ లవణాన్ని అసిటోన్‌లో కలిపినా, డీఎంఎస్‌ఓలో కలిపినా ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. అదే ఇనుము, అదే ఫెనాంత్రోలిన్, అదే రకం బదిలీ. లేనిదల్లా నైట్రోజన్ కొసనున్న ఖాళీ జంట. థీసిస్‌లో ఈ కంట్రోల్ (పోలిక ప్రయోగం) లేకపోతే వైవాలో తప్పకుండా అడుగుతారు.

ఈ వరసను చివరిదాకా లాగినవాళ్ళున్నారు. ఆల్ఫ్రెడ్ షిల్ట్ 1960లో ఈ కాంప్లెక్స్‌లను తయారుచేసి, గాఢ ఆమ్లంలో వాటి సైనైడ్లకు ప్రోటాన్ అంటుకుంటుందని చూపించాడు. అప్పుడు రంగు ఎరుపు కూడా దాటి పసుపు వైపు వెళ్తుంది. అదే దశాబ్దంలో ష్రైవర్ బోరాన్ ట్రైఫ్లోరైడ్‌ను ఆ నైట్రోజన్‌కు తగిలించాడు. శిఖరం జరిగింది అదే దిక్కుకు. ప్రోటాన్ పూర్తిగా అంటుకోవడం ఒక కొస అనుకుంటే, హైడ్రోజన్ బంధం ఆ దారిలో సగం అడుగు. మీకు ఈ దృష్టి అలవాటైతే చాలా ప్రశ్నలు వాటంతటవే విడిపోతాయి.

కానీ అన్ని కాంప్లెక్స్‌లలోనూ శిఖరం ఈ దిక్కుకే జరుగుతుందని రాయకండి. లైగాండ్ హైడ్రోజన్ బంధాన్ని అందుకుంటోందా, ఇస్తోందా అన్నదే కీలకం. రుథీనియం ప్లస్ 2కు అమ్మోనియాలు కట్టిన కాంప్లెక్స్‌లలో కథ తిరగబడుతుంది. అక్కడ అమ్మోనియా తన హైడ్రోజన్‌ను ద్రావణికి ఇస్తుంది. ద్రావణి ఆ హైడ్రోజన్‌ను తన వైపు లాగినకొద్దీ నైట్రోజన్ మీద ఎలక్ట్రాన్లు చిక్కబడి లోహం వైపు తోసుకొస్తాయి. లోహం ఎలక్ట్రాన్‌ను సులభంగా వదులుతుంది, ఛార్జి బదిలీ శిఖరం ఎక్కువ తరంగదైర్ఘ్యానికి జరుగుతుంది. కర్టిస్, సలివన్, మేయర్ (పైన చెప్పిన మేయర్ కాదు) 1983లో దీన్ని ద్రావణుల డోనర్ సంఖ్యతో, అంటే ద్రావణి ఎలక్ట్రాన్ జంటను ఎంత బాగా ఇస్తుందో చెప్పే సంఖ్యతో, కలిపి చూపించారు. సైనైడ్ దగ్గర ఏమీ చేతకాని డీఎంఎస్‌ఓ, డోనర్ సంఖ్య 29.8తో ఇక్కడ చాలా గట్టిగా పనిచేస్తుంది. అదే ద్రావణి, అదే డైఎలక్ట్రిక్ స్థిరాంకం. ఒక చోట దాదాపు ప్రేక్షకుడు, ఇంకో చోట ప్రధాన పాత్ర. పోలారిటీ మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదనుకుంటాను.

రంగొక్కటే కాదు, స్పిన్ కూడా, అంటే డి ఎలక్ట్రాన్లు జంటలుగా సర్దుకునే తీరు కూడా, మారుతుంది. లైగాండ్‌లోని పైరజోల్ వలయాల ఎన్-హెచ్‌లు (నైట్రోజన్‌కు కట్టిన హైడ్రోజన్లు) బయటికి తెరుచుకున్న ఒక ఇనుము కాంప్లెక్స్‌ను లీడ్స్‌లో మాల్కమ్ హాల్‌క్రో బృందం వేర్వేరు ద్రావణుల్లో చూసింది. నీటిలో లో-స్పిన్ స్థితి బాగా బలపడింది. ఎన్-హెచ్‌ను నీరు లాగడం, దాంతో లైగాండ్ ఇనుముకు ఎలక్ట్రాన్లను ఇంకా గట్టిగా ఇవ్వడం, పైన చెప్పిన రెండో రకమే.

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) మాత్రం ఉదాహరణగా రాయకండి. మా నాన్న నిమ్మతోటకు బోర్డో మిశ్రమం కలిపేటప్పుడు చూసిన ఆ నీలం స్ఫటికాలే నన్ను కెమిస్ట్రీ వైపు తెచ్చాయి, వాటి మీద నాకు ప్రేమ ఎక్కువ. అయినా వేడి చేస్తే అవి తెల్లబడేది రాగికి నేరుగా కట్టిన నీరు పోవడం వల్ల. అది సమన్వయ బంధం కథ. అయిదు నీటి అణువుల్లో నాలుగే రాగికి కట్టుకుని ఉంటాయి, అయిదోది హైడ్రోజన్ బంధాలతో సల్ఫేట్, మిగతా నీళ్ళ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఈ సంగతి బీవర్స్, లిప్సన్ 1934లోనే ఎక్స్-రేతో తేల్చారు. సిలికా జెల్‌లో కోబాల్ట్ క్లోరైడ్ నీలం గులాబీ కావడం కూడా అంతే, లైగాండే మారిపోతోంది.

హైడ్రోజన్ బంధాన్ని నిజంగా పనిముట్టులా వాడుకునేది జీవకణం. నాలుగు ఇనుములు, నాలుగు సల్ఫర్లు ఉన్న ఒకే ఘనాకార క్లస్టర్ రెండు రకాల ప్రోటీన్లలో ఉంటుంది. ఫెరెడాక్సిన్‌లో అది ఒక ఎలక్ట్రాన్‌ను తీసుకుంటుంది. హైపిప్ అని పిలిచే ప్రోటీన్‌లో అదే క్లస్టర్ అదే స్థితి నుంచి ఎలక్ట్రాన్‌ను వదులుతుంది. ఒకే పనిముట్టు, ఎదురెదురు పనులు! 2007లో స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ సోలమన్ బృందం సల్ఫర్ ఎక్స్-రే శోషణంతో దీన్ని చూసింది. ఫెరెడాక్సిన్‌లో క్లస్టర్‌కు నీరు అందుతుంది, హైడ్రోజన్ బంధాల వల్ల ఇనుము-సల్ఫర్ బంధంలో కోవలెన్సీ (ఎలక్ట్రాన్లను పంచుకోవడం) తగ్గుతుంది. హైపిప్‌లో క్లస్టర్ లోపల పొడిగా దాగి ఉంటుంది. ఫెరెడాక్సిన్‌లోంచి నీరు తీసేస్తే కోవలెన్సీ పెరిగింది, హైపిప్ ముడి విప్పి నీరు తగలనిస్తే తగ్గింది. ఆ పేపర్ చదివినరోజు నాకు క్యువెట్ మూలలో మెరిసిన తడి గుర్తొచ్చింది. నేను పొరపాటున చేసింది ప్రోటీన్ కావాలని చేస్తోంది.

మన రక్తంలోనూ ఇదే నడుస్తోంది. హీమ్ ఇనుముకు కట్టుకున్న ఆక్సిజన్‌ను పక్కనున్న హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం హైడ్రోజన్ బంధంతో పట్టుకుంటుందని 1964లో పాలింగ్ ఊహించాడు. 1981లో కండరాల్లో ఉండే హీమ్ ప్రోటీన్ మయోగ్లోబిన్ మీద న్యూట్రాన్ డిఫ్రాక్షన్ ఆ హైడ్రోజన్‌ను చూపించింది. ఆ బంధం ఎలక్ట్రాన్‌ను ఇనుము నుంచి ఆక్సిజన్ వైపు ఇంకొంచెం లాగి, ఆక్సిజన్ జారిపోకుండా ఆపుతుంది. సైనైడ్ కథకు ఇది సొంత చెల్లెలు.

ఇక మీ టీడీ-డీఎఫ్‌టీ. మీరు ద్రావణిని కంటిన్యుయంగా, అంటే ఒక స్థిరాంకం ఉన్న జిగురు పదార్థంలా పెట్టారు. అలాంటి నమూనాల్లో ద్రావణి ప్రభావం స్థిరాంకంతో సమంగా పెరగదు. ఆ ప్రభావాన్ని స్థిరాంకం నుంచి లెక్కకట్టే ఆన్‌సాగర్ సూత్రంలో వేసి చూడండి, అసిటోన్‌కు 0.465, నీటికి 0.49 వస్తుంది. ఆ నమూనా కళ్ళకు రెండూ ఇంచుమించు ఒకటే ద్రావణి! తేడా రాకపోవడం మీ తప్పు కాదు, హైడ్రోజన్ బంధాన్ని మీరు దానికి చూపించనేలేదు. ఒక్కో సైనైడ్ నైట్రోజన్ దగ్గర రెండేసి నీటి అణువులు పెట్టి, జామెట్రీని మళ్ళీ ఆప్టిమైజ్ చేసి, వాటి చుట్టూ కంటిన్యుయం ఉంచండి. తర్వాత శిఖరం ఒక్కటే చూసి ఆగకండి. ఇనుము మీద ఛార్జి, టీ2జీ మట్టాలు, ఫెనాంత్రోలిన్ పై-స్టార్ మట్టం, ఈ మూడూ నీరున్నప్పుడు, లేనప్పుడు పక్కపక్కన రాసుకోండి. ఏది దిగింది, ఏది ఉన్నచోటే ఉందన్నది మీకే కనిపిస్తుంది. వీలైతే సైక్లిక్ వోల్టామెట్రీ (ఎంత వోల్టేజీకి ఎలక్ట్రాన్ వదులుతుందో కొలిచే పద్ధతి) కూడా తీయండి. నీటిలో ఇనుము ఎలక్ట్రాన్ వదలడానికి ఎక్కువ వోల్టేజీ అడగాలి, అది రంగుతో సంబంధం లేని రెండో సాక్ష్యం.

మీరూ చెన్నైలోనే ఉన్నానన్నారు కాబట్టి ఒక మాట. స్పెక్ట్రా మళ్ళీ తీసేటప్పుడు అప్పుడే తెరిచిన సీసాలోంచి అసిటోన్ తీసుకోండి. క్యువెట్‌ను నైట్రోజన్ ఊది ఆరబెట్టి, లైటు కింద అడ్డంగా పట్టి మూలలు చూడండి. కొలతలు అసిటోన్‌తో మొదలుపెట్టండి, నీటి వంతు అన్నిటికంటే చివర.